పద్నాలుగు వేల కుట్లు

ఆదివారం పొద్దున్నే సామాన్ల బండి వస్తుందట! ఆ సంగతి పెద్దకోడలికి ఎవరూ చెప్పలేదు. వంటింట్లో నారింజ తొక్కలు సన్నగా తరుగుతుంటే, హాల్లో మరిది ఫోన్లో ఎవరికో చెప్పడం చెవిన పడింది... “ఒక బీరువా, ఒక మంచం, ఒక ఎంబ్రాయిడరీ మిషను. మేమిద్దరమే.” కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. మేమిద్దరమే! ఆరేళ్ల క్రితం ఈ ఇంటికి వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్ల, చిన్నకోడలు. పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని కుట్టు నేర్పింది తను. ఆ పిల్ల ఇప్పుడు చెప్పా పెట్టకుండా మూటాముల్లె సర్దుకుంటోందా? కళ్లలో నీళ్లు తిరిగాయి. నారింజ తొక్క ఘాటని సర్దిచెప్పుకుంది. వినడానికి పక్కన ఎవరూ లేరు, అయినా చెప్పుకుంది.

తోడికోడళ్లిద్దరి మధ్య మాటలు లేక తొమ్మిది వారాలైంది. వీధిలో పెద్దామెను బొంతలక్క అనీ, చిన్నామెను మిషనమ్మ అనీ పిలుస్తారు. గొడవ కూడా ఆ రెండు పేర్ల మధ్యే వచ్చింది. చలి మొదలవుతుండగా బట్టల కొట్టావిడ వచ్చి, నెల తిరిగేలోగా పన్నెండు బొంతలు చేత్తో కుట్టివ్వమని అడిగింది. పెద్దకోడలు సరేనని నోరు తెరిచేలోపే చిన్నకోడలు, “చేతికుట్టు ఇప్పుడెవరికి కావాలండీ? నేను మిషను మీద వేసిస్తాను” అనేసింది. పరాయి మనిషి ముందు! ఆవిడ గుమ్మం దాటగానే పెద్దకోడలు, “నా ఇంట్లో ఇక ఈ మిషను చప్పుడు వినపడటానికి వీల్లేదు” అంది. అంతే, ఆ రోజు నుంచి మిషను ఆగలేదు గానీ మాటలు ఆగిపోయాయి. ఉన్న ఒక్క పెద్ద బల్ల మీద సుద్దతో గీత గీసుకుని, అటు మిషను, ఇటు బొంతలు పెట్టుకున్నారు.

మధ్యలో రాయబారం అత్తగారిది. ఆవిడకి ఆ ఉద్యోగం బాగా నచ్చింది, సొంత కవిత్వం కూడా కలిపేది. “ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో కనుక్కోండి అత్తయ్యా” అని పెద్దకోడలంటే, ఆవిడ రెండడుగులు నడిచి, “ఉప్పు డబ్బా ఏదే? నువ్వు చిక్కిపోయావని మీ అక్క బెంగపడుతోంది” అని అందించేది. ఎవరూ కాదనేవారు కాదు, అవుననేవారూ కాదు.

మరిది ఫోను మాటలు విన్న ఆ శుక్రవారమే, మధ్యాహ్నం పెద్దకోడలు నారింజ తొక్కల్ని పంచదార పాకంలో వేసి, మంట తగ్గించి, ఎండలో వేసిన దూది తీసుకురావడానికి మేడ మీదికి వెళ్లింది. వెళ్లేముందు కుడుతున్న బొంతను పాత దుప్పటిలో చుట్టి బల్ల మీదికి తోసింది. ఎవరి కోసం కుడుతోందో ఎవరికీ తెలియకూడదు మరి! మేడ మీద పక్కింటావిడ దొరికింది. అల్లం బిస్కెట్లలో వెన్న ఎంత వెయ్యాలన్న దగ్గర మొదలైన కబురు ఎక్కడెక్కడికో వెళ్లి, ఎండ గోడ దాటాక గానీ ఆగలేదు.

దూది మూటతో కిందికి దిగేసరికి చిన్నకోడలు మిషను ముందు కొయ్యబారి నిలబడి ఉంది. బట్ట బిగించే ఫ్రేము పైకెత్తింది. దాంతోపాటు తెల్లటి దుప్పటి లేచింది, దుప్పటితోపాటు పెద్దకోడలి బొంత మూట కూడా లేచింది! తోసిన తోపుకి మూటలోంచి బొంత కొస జారి సుద్దగీత దాటి ఫ్రేము కిందికి పోయింది. దానంతటదే కుట్టుకుపోయే మిషనుకి ఆ తేడా ఏం తెలుస్తుంది? రెంటినీ కలిపి కుట్టేసింది.

“వెళ్లేదానివి వెళ్లక, నా బొంతని కూడా పాడుచేసి పోతున్నావా?” అంది పెద్దకోడలు. తొమ్మిది వారాల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది.

చిన్నకోడలు వెక్కుతూ, “చూడలేదక్కా. మిషను వదిలి వెళ్లకూడదని తెలుసు. పాకం వాసన మారుతోందని వంటింట్లోకి పరిగెత్తాను” అంది.

పెద్దకోడలు వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి ఆపి ఉంది. పళ్లానికి నూనె రాసి, తొక్కల్ని ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఆరబెట్టి ఉంది. తను నేర్పినట్టే! అడుగంటిన నాలుగు ముక్కల్ని వేరే గిన్నెలో తీసిపెట్టింది కూడా. అంత పనీ ఒంటిచేత్తో చేస్తుంటే మిషను వైపు ఎవరు చూస్తారు? పెద్దకోడలు గోడకానుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, స్టూలు తీసుకెళ్లి చిన్నకోడలి ఎదురుగా వేసుకుంది.

“కింది దారం కోస్తే పైది తేలిగ్గా వస్తుంది కదూ?”

“అవునక్కా. మీరు బొంత వైపు నుంచి కొయ్యండి, నేను పైన లాగుతాను.”

కళ్లజోడు పెట్టుకుని పెద్దకోడలు చిన్న కత్తితో కింద ఒక్కో కుట్టూ కోస్తోంది. “కోశాను” అంటే, “లాగాను” అని పైనుంచి జవాబు. అరగంట సేపు ఈ రెండే మాటలు. అత్తగారు గుమ్మంలో నిలబడి, “అయితే ఇక నాతో పనిలేదన్నమాట” అని కాస్త చిన్నబుచ్చుకుని, మాడిన ముక్కల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కోస్తూ కోస్తూ పెద్దకోడలు ఎందుకో దుప్పటిని తన వైపు తిప్పి చూసింది. అయిదు రేకుల పువ్వు. నాలుగు రేకులు నిండుగా, అయిదోది కురచగా... ఇది తన పువ్వు! ఏ బొంత మూల గీసినా ఆ అయిదో రేకు దగ్గర ఆమె చెయ్యి తిరగదు. ఇరవై ఏళ్లుగా అలాగే పొట్టిగా వస్తోంది.

“నా పువ్వు నీ మిషనులోకి ఎలా వచ్చిందే?”

“మీ బొంత మీద కాగితం పెట్టి దించాను. వెళ్లేముందు మీ మంచానికి దుప్పటి వేసి వెళ్దామని...”

“మరి ఈ వంకర రేకు? మిషనులో సరిచెయ్యొచ్చుగా?”

“సరిచేస్తే అది మీదెలా అవుతుందక్కా?”

పెద్దకోడలు బొంత మూటని దగ్గరికి లాక్కుంది. పాత దుప్పటి మడతలు విప్పి, తన బొంతను చిన్నకోడలి ఒళ్లోకి తోసింది. లేత పసుపు, ఆకుపచ్చ ముక్కలు... చిన్నకోడలికి ఇష్టమైన రంగులు. “నువ్వు విడిగా వెళ్తావని అనుమానంగానే ఉంది. కొత్త ఇంట్లో చలి ఎక్కువుంటుందని కుట్టాను. నీకు కాళ్లు చల్లబడితే నిద్ర పట్టదుగా.”

చిన్నకోడలు ఆ బొంతలో మొహం దాచుకుని బావురుమంది. “ఆ రోజు పన్నెండు బొంతలు అడిగిందక్కా ఆవిడ! చలికి మీ వేళ్లు పగిలి అప్పటికే నెత్తురు వస్తోంది. వద్దంటే మీరు వినరు. ఆవిడ చేత మానిపించాలని నోటికొచ్చింది అనేశాను. అంతే తప్ప మీ కుట్టుని చిన్నచెయ్యాలని కాదు.”

“ఆ ముక్క నాకే చెప్పొచ్చుగా?”

“మీరు ‘నా ఇల్లు’ అన్నాక నోరు రాలేదు. ఆరేళ్లుగా నాది కూడా అనుకున్నాను...”

పెద్దకోడలు చేతిలో కత్తి కింద పెట్టేసింది. “తప్పే అన్నాను. కోపంలో అన్నా తప్పే. ఈ ఇంట్లో నాకెంతో నీకూ అంతే. నువ్వు లేకపోతే ఈ బల్ల దగ్గర నేను కూర్చోలేనే పిల్లా” అంటూ పగిలిన వేళ్లతోనే ఆ పిల్ల కళ్లు తుడిచింది. అత్తగారు నములుతున్న ముక్క మింగడం మర్చిపోయింది.

అప్పుడే మరిది ఫోను పట్టుకుని వచ్చాడు. “బండి అతను ఏడింటికా, ఎనిమిదింటికా అని అడుగుతున్నాడు.”

చిన్నకోడలు తలెత్తలేదు. పెద్దకోడలే అంది, “చూడు నాయనా, ఈ దుప్పటి నాది, ఈ బొంత మీ ఆవిడది. ఇవి విడిపోయేదాకా బండి వద్దని చెప్పు.”

“ఎప్పటికి విడతాయి వదినా?”

చిన్నకోడలు మిషను తెర వంక చూసింది. “పద్నాలుగు వేల రెండు వందల కుట్లండీ. ఇప్పటికి మూడు వందలు విప్పాం.”

మరిది తల గోక్కున్నాడు. ఇద్దరి మొహాలూ, తల్లి మొహం కూడా ఒకసారి చూశాడు. నవ్వు దాచుకుంటూ, ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లాడు.

పెద్దకోడలు సూదిలో దారం ఎక్కించింది. ఆ మూడు వందల కుట్లూ ఊడిన చోట, దుప్పటినీ బొంతనీ కలిపి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

“అక్కా, అవి ఇప్పుడే కదా విప్పాం...”

“అటు కొస పట్టుకోవే, జారిపోతోంది.”

చిన్నకోడలు గట్టిగా పట్టుకుంది.