చెప్పుల వరుస

2074 నాటికి విశాఖ నుంచి చంద్రుడి మీదికి నలభై గంటల ప్రయాణం. ఫోనులో డాక్టరు దొరకడానికి మాత్రం ఇంకా పందొమ్మిది నిమిషాలు పట్టేది.

ఆ మొబైల్ సేవ పేరు ‘నాడి’. ముంజేతికి అతికించుకున్న పట్టీ జ్వరం, రక్తపోటు ముందే కొలిచి పంపేది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను యంత్రమే ముందుకు జరిపేది. మిగతావాళ్లలో సగం మంది నాలుగో నిమిషానికే విసిగి ఫోను పెట్టేసి, జబ్బు ముదిరాక ఆసుపత్రిలో తేలేవారు. ఇంజనీరు నీలవేణి పాటలు పెట్టి చూసింది, ఆటలు పెట్టి చూసింది. ఎవరూ ఆగలేదు.

“ఈ సాయంత్రానికి పదిమందిలో తొమ్మిదిమంది నిలవకపోతే ‘నాడి’ని మూసేస్తారమ్మా,” అన్నాడు డైరెక్టర్ జోగారావు. “ఇంతకీ ఏం మార్చావు?”

“చెప్పులు పెట్టించాను సార్.”

“ఏమిటీ?”

“మా ఊళ్లో రేషన్ షాపు తెరిచేలోగా చెప్పులు వరుసలో విడిచి, అందరం అరుగు మీద కబుర్లు చెప్పుకునేవాళ్లం. నిలబడేవి చెప్పులే. ఇప్పుడు ఫోను మన చోటు కాస్తుంది. ఇష్టపడినవాళ్లకు వరుసలో ముందువాళ్లతో, వెనకవాళ్లతో మాట కలుపుతుంది.”

ఈ వెయిటింగ్ నెట్‌వర్క్‌కు ఆమె పెట్టిన పేరు ‘వరుసబంధం’.

“తిట్టుకుంటారేమో!”

“తిట్టుకోనీండి సార్. తిట్టుకునేవాళ్లు ఫోను పెట్టెయ్యరు.”

సాయంత్రం తెర మీద అంకె వెలిగింది. నూటికి తొంభై ఏడుగురు నిలిచారు. హాలంతా చప్పట్లు. జోగారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అంతలో తెర మీద డాక్టర్ల వైపు ఫిర్యాదుల ఎర్రదీపాలు వెలిగాయి. ఒక డాక్టరు తన ఫిర్యాదుతోపాటు పంపిన సంభాషణను యంత్రం వినిపించింది.

“అప్పలనర్సమ్మగారూ, చెప్పండి.”

“కూసింత ఆగండి డాక్టరు బాబూ. వరసలో కలిసిన ఈ పిల్లకి పురుడొచ్చి పదిరోజులేనంట, ఇంట్లో ఒక్కర్తీ ఉందంట. మాటలో ఉన్నాం. ఎనకాలాయన్ని ముందు సూసీయండి.”

“నాకేం తొందర లేదండి, కానివ్వండి,” అన్నాడు వెనకాయన.

యంత్రం నిదానంగా ప్రకటించింది: “ప్రస్తుతం పదకొండుమంది డాక్టర్లు రోగుల కోసం వేచి ఉన్నారు. సగటు నిరీక్షణ ఆరు నిమిషాలు.”

జోగారావు తల పట్టుకున్నాడు. “విసుగొచ్చి డాక్టర్లు లేచిపోతామంటున్నారమ్మా!”

నీలవేణి నవ్వి, వాళ్లనీ ఒకరితో ఒకరిని కలిపింది.

నాలుగు నిమిషాల్లో ఎర్రదీపాలన్నీ పచ్చబడ్డాయి. స్పీకరులో ఇందాక ఫిర్యాదు చేసిన డాక్టరు గొంతే వినిపించింది.

“ఎవరైనా లైన్లోకొస్తే ఒక్క నిమిషం ఆగమనండి. మంచి మాటలో ఉన్నాం.”