చెరిపేసిన అడుగులు

లోయలో ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. పికప్ బండి పక్కన, రాళ్ళ పొయ్యి మీద గొర్రెమాంసం ఉడుకుతోంది. ఎదురుగా ఎర్రటి కొండ నడిమి తొర్రలో ఎప్పటివాళ్ళో కట్టుకున్న రాతి ఇళ్ళు. అమెరికా ఎడారి సీమలోని ఈ నవాహో తెగలో బుద్ధున్నవాళ్ళెవరూ, పోయినవాళ్ళ చోటని, వాటి గడప తొక్కరు.

వెర్నా మొగుడు డెల్విన్‌కి అన్నీ వేళాకోళమే. ఏడేళ్ళ కూతురు షాండీన్ పోరు పడలేక పిల్లని పైకి తీసుకుపోయాడు. కూర కలుపుతూ తలెత్తిన వెర్నాకి ఇద్దరూ ఆ గుమ్మాల ముందు కనిపించారు. పరుగున ఎక్కింది.

"దిగండి ముందు! మా అమ్మకి తెలిస్తే నిన్ను గొర్రెల దొడ్లో కట్టేస్తుంది."

"మన ఆచారం ప్రకారం అల్లుడి మొహమే చూడకూడని అత్తగారు ఎలా కట్టేస్తుందే?" నవ్వుతూ డెల్విన్ దిగిపోయాడు. అతని వెనకే బండ మలుపులో ఎర్ర బూట్లు మెరిసి దాటిపోయాయి. పిల్ల దిగిందిలే అనుకుంది వెర్నా.

పక్కనున్న జునిపర్ పొద రెమ్మ విరిచి, వంగి, ఇసుకలో అందరి అడుగులూ చెరుపుకుంటూ వచ్చింది. శవాన్ని పూడ్చి వచ్చేవాళ్ళు చేసే పని అది, పోయినవాళ్ళు జాడ పట్టుకుని వెంట రాకుండా. తల్లి నేర్పింది.

కిందికొచ్చేసరికి చీకటి పడింది. షాండీన్ పొయ్యి దగ్గర కూర్చునుంది. డెల్విన్ కట్టెలు పట్టుకుని బండి చాటునుంచి వచ్చాడు.

"అమ్మయ్య, తెచ్చేశావా దీన్ని!"

"నేనా? నీతోనేగా దిగింది!"

"నాతోనా? నీ దగ్గరే వదిలి వచ్చాను కదే..."

కూర అడుగంటిన వాసన. ఎవరూ కదల్లేదు.

అప్పుడు పైనుంచి వినిపించింది.

"అమ్మా... అడుగులు కనబడట్లేదు... ఎటు దిగాలి?"

షాండీన్ గొంతే. ఏడుపు ఆపుకునేటప్పుడు వచ్చే ఎక్కిళ్ళతో సహా.

పొయ్యి దగ్గరి పిల్ల వెర్నా చెయ్యి పట్టుకుంది. "పలక్కమ్మా," అంది గుసగుసగా. "పలికితే మన వెంట వచ్చేస్తుంది."

వెర్నాకి తన తల్లి చెప్పే మాటే అది. చీకట్లో పిలిస్తే పలకకూడదు. వెర్నా కొంగలా మెడ చాచి చీకట్లోకి చూసింది, నోరు మాత్రం రెండు చేతులా నొక్కుకుంది. పైన గొంతు పిలిచింది... పిలిచింది... బొంగురుపోయింది. ఆగిపోయింది.

తెల్లారగానే ఎక్కారు. గుమ్మంలో ఖాళీ ఎర్ర బూట్లు. ఎడమదానికి లేసు తెగితే వెర్నా కట్టిన నీలం ఉన్ని దారం. ఏడుస్తూ కిందికి పరిగెత్తింది. నిద్రపోతున్న పిల్ల కాళ్ళకీ అవే బూట్లు. అదే దారం, తను వేసిన ముడే.

లోయంతా గాలించారు. పక్కనే ఉన్న పిల్ల కోసం వెతుకుతున్నామని ఎవరికి చెప్పుకుంటారు? ఏమీ చేతకాక, ఉన్న పిల్లనే ఇంటికి తెచ్చుకున్నారు.

షాండీన్ బడికి వెళ్తుంది, నవ్వుతుంది, అన్నీ మామూలే. వెర్నా గొర్రెల్ని తోలుకుని ఎటు వెళ్ళినా తోడొస్తుంది. నిన్న సాయంత్రం వెనక ఇసుకలో సరసరమని చప్పుడైతే వెర్నా తిరిగి చూసింది.

పిల్ల చేతిలో జునిపర్ రెమ్మ. వంగి, వెర్నా అడుగుల్ని మాత్రమే చెరుపుతూ వస్తోంది.