పాతది తెస్తే కొత్తది ఉచితం

మిరప కళ్ళంలో ఏడవని మనిషి ఉండడు. అందుకే దానయ్య శవం చుట్టూ నిలబడ్డవాళ్లలో నిజంగా ఏడుస్తున్నదెవరో ఏజెంట్ ప్రేమదాసు కనిపెట్టలేకపోయాడు. తన సంగతే తనకి అర్థం కాలేదు.

గుంటూరు శివార్లలో పొద్దున్నే కాయలు తిరగేస్తున్న కూలీలకి ఎర్రటి రాశిలోంచి ముందు ఒక చెయ్యి బయటపడింది. తర్వాత పగిలిన కళ్ళజోడు. చెవి వెనక ఒకే ఒక్క తూటా. సైలెన్సర్ వాడారు కాబోలు, పక్క గుడిసెలో పడుకున్న కాపలా మనిషికి చప్పుడే వినపడలేదు.

రోడ్డు మీద ఆగిన నల్ల అంబాసిడర్ అద్దం కిందికి దిగింది.

"ఎక్కు," అన్నాడు సెక్షన్ నైన్ చీఫ్ సంజీవరావు. బ్రీఫింగ్ కారులోనే మొదలైంది.

"దానయ్య ఎవరో తెలుసా?"

"పత్తి సైంటిస్టు సార్."

"తెల్లదోమ వాలని పత్తి పుట్టించాడు. ఈ జిల్లాల్లో ఏం జరుగుతోందో నీకు నేను చెప్పక్కర్లేదు. మందు మీద మందు కొడుతున్నారు. దోమ చావడం లేదు. చివరికి ఆ డబ్బా రైతే ఎత్తి తాగుతున్నాడు. ఆ మందు అమ్మించేది ఆర్కస్ అనే విదేశీ ముఠా. దానయ్య విత్తనం పొలాల్లోకి వస్తే వాళ్ల దుకాణం మూతే. నిన్న అతని విత్తనాల గది తగలబెట్టారు. అతన్ని ఇలా పూడ్చారు."

"విత్తనం అంతా పోయిందా సార్?"

"ఒక్క మూట మిగిలింది. పల్లెటూళ్లో ఎవరో రైతు దగ్గర దాచానని పోయినవారం ఫోన్లో అన్నాడు. పేరు చెప్పలేదు. కంప్యూటర్లో రాసుకున్నాడట."

చీఫ్ బ్రీఫ్‌కేసులోంచి ఒక రంగుల కరపత్రం తీశాడు. 'మీ ఆలోచనలు చెల్లాచెదురుగా ఉన్నాయా? బ్రాంచ్‌వర్క్! తోచింది తోచినట్టు టైప్ చెయ్యండి. కొమ్మలు రెమ్మలుగా అదే సర్దిపెడుతుంది. పూర్తిగా ఉచితం. పాత ఫ్లాపీ తెస్తే కొత్త వెర్షన్ కూడా ఉచితం.'

"మన సైంటిస్టులు కొందరి రీసెర్చి దేశం దాటిపోయింది. అందరి టేబుళ్ల మీదా ఇదే ప్రోగ్రాం. నీ మిషన్ ఏమిటంటే, ఆలోచనలు సర్దిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకోవాలి. అది ఎలా దొంగిలిస్తోందో తేల్చాలి. వాళ్లకంటే ముందు ఆ మూట దగ్గరికి చేరాలి."

"ఉచితమంటే మన అకౌంట్స్ వాళ్లు సంతోషిస్తారు సార్."

చీఫ్ కరపత్రం అతని చేతిలో పెట్టాడు. "సెంటర్ అరండల్‌పేటలో ఉంది. నడిపేది జయకుమారి. మన దగ్గరా జీతం తీసుకుంటుంది, ఆర్కస్ దగ్గరా తీసుకుంటుంది. ఎవరి పని చేస్తోందో దేవుడికే తెలియాలి. కోడ్ వర్డ్ చెబుతాను, గుర్తుపెట్టుకో. సెక్షన్ నైన్‌లో ఎవరూ కాగితం మీద పెన్ను పెట్టకూడదు, అది తెలుసుగా."

తెలుసు. ఆ రూలే తన కొంప ముంచుతుందని మాత్రం ప్రేమదాసుకి అప్పటికి తెలియదు.

మధ్యాహ్నానికి అతను సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని, నలిగిన లాల్చీ తొడుక్కుని, చంకలో ఫైళ్లతో కామర్స్ లెక్చరర్ వెంకటనారాయణ అయిపోయాడు. ఆ మారుపేరు కోసం పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

గుమ్మం బయట చెప్పుల గుట్ట. కంప్యూటర్‌కి దుమ్ము పడదని అక్కడ అందరూ వట్టి కాళ్లతోనే లోపలికి పోవాలి. ఏసీ గదిలో నాలుగైదు పీసీలు, వాటి ముందు విద్యార్థులు, తలుపు దగ్గర స్టూలు మీద కండలు తిరిగిన గుండు మనిషి. జయకుమారి ముదురు నీలం మంగళగిరి చీరలో ఉంది. మెడదాకా కత్తిరించిన జుట్టు. ఎర్రటి పెదవులు. ఆమెను చూడ్డానికే కంప్యూటర్ నేర్చుకుంటున్నవాళ్లు గుంటూరులో చాలామంది ఉన్నారని వినికిడి. అబద్ధం కాదనిపించింది.

"ఆలోచనలు ఎక్కువైపోయాయండీ. సర్దుకోడానికి చోటు లేదు," అన్నాడు ప్రేమదాసు.

"చోటుకేం కరువు సార్? తెచ్చినవి తెచ్చినట్టు కుమ్మరించండి."

కోడ్ సరిపోయింది. ఆమె అతన్ని మూల పీసీ ముందు కూర్చోబెట్టి ఫ్లాపీ తోసింది. "ఇది హెడ్డింగ్ సార్. దీన్ని దాని కిందికి జరపాలంటే ఈ కీ నొక్కండి," అని పాఠం చెబుతూనే గొంతు తగ్గించింది. "టైప్ చేసిందంతా ఫ్లాపీలో దొంగచాటుగా ఇంకో కాపీ అవుతుంది. చెరిపినా పోదు. పాత ఫ్లాపీలు వాల్టర్ పట్టుకుపోతాడు. పొగాకు బయ్యర్‌నని చెప్పుకుని తిరిగే దొర."

"దానయ్య?"

"పోయినవారం పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్లాడు. అందులో రాసుకున్నది, అద్దంకి దగ్గర గుండ్లపాలెం, వెంకటేశ్వరమ్మ. ఊళ్లో ఆ పేరున్న ప్రతి ఇంటి మీదా వాల్టర్ మనుషులు పడ్డారు. నేలలు తవ్వారు. ఆడవాళ్లని కొట్టారు. ఒకామె ఆస్పత్రిలో పోయింది." ఆమె కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. "మూట దొరకలేదు. దానయ్యని పట్టుకుని అడిగారు. అతను నోరు విప్పలేదు."

"నీకు తెలుసా ఎవరో?"

ఆమె అతని కళ్ళల్లోకి చూసింది. "మీరైతే కనుక్కోగలరు."

గుండు మనిషి తల ఇటు తిప్పాడు. వెంటనే ఆమె గొంతు పెంచింది. "ఇక చాలు సార్, మిగతాది ఇంటికెళ్లి చేసుకోండి. ఈ ఏసీకి జలుబు చేస్తుంది."

నన్ను తరిమేస్తోంది, ఏదో దాస్తోంది అనుకున్నాడు ప్రేమదాసు. కదల్లేదు. ఆమెను ఎవరో పిలిస్తే వెళ్లింది. అతను, మెరిసే స్క్రీను మిగిలారు.

ప్రేమదాసు ఆలోచనలు ఎప్పుడూ చిందరవందరే. కాగితం మీద రాయకూడదు. ఇదైతే ఎలాగూ ఫ్లాపీ తన జేబులోనే ఉంటుంది, తిరిగి ఇచ్చేది లేదు, భయమేముంది? దానయ్య పేరు కొట్టాడు. దాని కింద గుండ్లపాలెం. దాని కింద, దానయ్య పుట్టింది ఊళ్లో కాదు, ఊరవతల దళితులుండే పల్లెలో అని. ప్రాణం లాంటి మూటని మనిషి ఎక్కడ దాస్తాడు? తనవాళ్ల దగ్గర. వెంకటేశ్వరమ్మ పేరుని తీసుకెళ్లి పల్లె కింద పెట్టాడు. చర్చి నీడన బతికే పల్లెలో వెంకటేశ్వరమ్మ ఏమిటి?

అప్పుడు వెలిగింది. ఆ వైపు పల్లెల్లో చాలామందికి పేర్లు రెండు. చర్చిలో, ఇంట్లో, పొలంలో పిలిచేది ఒకటి. పట్టా మీద, రేషన్ కార్డు మీద, బడి సర్టిఫికెట్ మీద ఇంకొకటి. చర్చి పేరు కాగితాలకెక్కితే సర్కారు ఇచ్చే ఎస్సీ రిజర్వేషన్ లాంటివి పోతాయి. చీరాల పల్లెలో పుట్టిన ప్రేమదాసు సర్టిఫికెట్లన్నిటి మీదా వెంకటనారాయణ అనే ఉంది. దానయ్య పట్టా పేరు రాసుకున్నాడు. 'గుండ్లపాలెం చర్చి. అసలు పేరు అక్కడ అడగాలి' అని కొట్టాడు. చెరిపేశాడు. ఫ్లాపీ జేబులో వేసుకుని బయటపడ్డాడు. నిజం చెప్పొద్దూ, ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేసింది.

అద్దంకి రోడ్డు మీద ప్రేమదాసు బుల్లెట్ మోటార్ సైకిల్ దూసుకుపోయింది. రెండు పక్కలా ఎండిన పత్తి మోళ్లు, గట్ల మీద ఖాళీ మందు డబ్బాలు. గుండ్లపాలెం చర్చి దగ్గర, గంటకి బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క కింద, ముసలి పాస్టరు తోమా కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారూ, పట్టాలో వెంకటేశ్వరమ్మ అని ఎవరికుంది?"

"మన రెబ్కమ్మకి. ఏం నాయనా?"

"మొన్న వచ్చినవాళ్లకి చెప్పలేదే?"

"వాళ్లు వెంకటేశ్వరమ్మ ఇల్లు యాడని అడిగారంట. ఆ పేరుతో ఇక్కడ ఎవురు పిలుస్తారు? ఆ పిల్లకాయలకి ఏం తెలుసు? లేదన్నారు."

రెబ్కమ్మ తన వాకిట్లో కూర్చుని మిరపకాయల్లోంచి తాలు ఏరుతోంది. గుమ్మం పక్కన మూతులు కుట్టిన గోతాలు నాలుగు.

"పెద్దమ్మా, దానయ్య మనిషిని."

"వాడు రాలేదే?"

ఇలాంటి మాట చెప్పడానికి సెక్షన్ నైన్‌లో ట్రైనింగ్ ఇవ్వరు. "ఇక రాడు పెద్దమ్మా. చంపేశారు."

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "నా కొడుకు మందు తాగిన ఏడు వచ్చాడయ్యా. ఇంకో తల్లికి ఈ గతి పట్టనియ్యనని ఈ గడప మీదే కూకుని ఏడ్చాడు. పత్తి నాతోనే ఏయించాడు. గింజ నాకప్పజెప్పాడు." లోపలికి వెళ్లి ఒక మాసిన దిండు తెచ్చింది. "పత్తిలోంచి గింజ తియ్యకుండా ఇందులో పెట్టి కుట్టాను. దీని మీద పడుకుని పడుకుని మెడ పట్టుకుపోయింది. తీసుకుపో."

అతను చెయ్యి చాచేలోపు సందులోంచి జయకుమారి పరుగెత్తుకొచ్చింది. నీలం చీర నిండా దుమ్ము, భుజాన హ్యాండ్‌బ్యాగు.

"వెళ్లిపోండి! మీరు కొట్టిందంతా వాల్టర్ చదివాడు. ఫ్లాపీ ఒక్కటే కాదు, ఆ మెషీన్ లోపల హార్డ్ డిస్క్ కూడా కాపీ ఉంచుకుంటోంది. మీరు అక్కణ్ణించి బయటపడ్డాకే నాకు తెలిసింది."

ప్రేమదాసు రివాల్వర్ ఆమె గుండెకి గురిపెట్టాడు. "వాణ్ణి తీసుకొచ్చింది నువ్వే కదూ?"

"అనుమానం తర్వాత పడండి. ముందు ఆ మూట..."

'టప్'మని చిన్న చప్పుడయింది. జయకుమారి మోకాళ్ల మీద కూలిపోయింది. ఆమె వెనక కంచె దగ్గర టోపీ పెట్టుకున్న పొడుగాటి దొర. ఒక చేతిలో సైలెన్సర్ పిస్టల్, ఇంకో చేతిలో పెట్రోలు డబ్బా.

"గన్ కింద పడెయ్," అన్నాడు వాల్టర్, వచ్చీరాని తెలుగులో. "సీడ్ ఎక్కడ?"

ప్రేమదాసు రివాల్వర్ జారవిడిచాడు. రెబ్కమ్మ దొర వంక చూడనేలేదు. నేల మీద ఒరిగిన పిల్ల తల ఎత్తి, చేతిలో ఉన్న దిండు కింద పెట్టింది. కొంగుతో మొహం తుడిచింది. అప్పుడు గుమ్మం పక్కకి చెయ్యి చూపించింది.

"ఆ గోతాలే. తగలబెట్టుకో."

జయకుమారి తల కింద దిండు గరగరమంది. ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి. అది నవ్వని ప్రేమదాసుకి తర్వాత తట్టింది.

"నువ్వు పొయ్యి," అని వాల్టర్ డబ్బా అతని వైపు తన్నాడు. ప్రేమదాసు గోతాల మీద పెట్రోలు పోశాడు. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు. వాల్టర్‌కి రెండేళ్లుగా గుంటూరులో ఉండి ఉండి మిరప ఘాటు ముక్కుకి అలవాటైపోయింది, గోతాల్లో ఉన్నదేమిటో పసిగట్టలేదు. లైటర్ వెలిగించి విసిరాడు. పిస్టల్ ప్రేమదాసు నుదుటికి ఆనించాడు. "థాంక్యూ."

గోతాలు భగ్గుమన్నాయి. పచ్చటి పొగ ఒక్కసారిగా వాకిలంతా కమ్మేసింది. మిరపకాయలు కాలిన పొగ పీల్చిన మనిషికి దేవుడు కూడా గుర్తుండడు. రెబ్కమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిల్ల మీదికి వంగిపోయింది. ప్రేమదాసు ఊపిరి బిగపట్టి నేలకి కరుచుకున్నాడు. తూటా అతని జుట్టు మీదుగా పోయి గోడలో దిగింది. వాల్టర్ కళ్ళు నులుముకుంటూ, దగ్గుతూ, గుడ్డిగా కాల్చాడు. ప్రేమదాసు చేతికి రివాల్వర్ తగిలింది. ఒకే ఒక్కసారి పేల్చాడు.

పొగ విడేసరికి వాల్టర్ చచ్చి పడి ఉన్నాడు. జయకుమారి ప్రాణం కూడా పోయింది. దిండు ఒక వైపంతా నెత్తురు. ఆమె కాళ్లు చూశాడు ప్రేమదాసు. వట్టి కాళ్లు, ముళ్లు దిగి చీరుకుపోయాయి. చెప్పులు వేసుకునే వ్యవధి కూడా లేకుండా ఆ ఏసీ గదిలోంచి పారిపోయి వచ్చింది. ఆ కాళ్ల వంక ముందే చూసి ఉంటే రివాల్వర్ ఎటు తిప్పాలో తెలిసేది. ఆ సంగతి అతని గొంతులో మిరప పొగ కంటే ఎక్కువసేపు మండింది.

సమాధి దగ్గర పాస్టరు తోమా పేరు అడిగాడు. ప్రేమదాసు ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీశాడు. ఫొటో జయకుమారిదే. పేరు అంజనాదేవి అని ఉంది.

రెండు పేర్లు. ఆమెదీ పల్లే. వెంకటేశ్వరమ్మ అనే పేరు చదివిన క్షణమే ఆమెకి అంతా తెలిసిపోయింది. వాల్టర్ మనుషులు తప్పు ఇళ్ల మీద పడుతుంటే చూసింది, ఒకామె చచ్చిపోతే ఆ భారం మోసింది, అయినా నోరు విప్పలేదు.

"జయకుమారి అని రాయండి అయ్యగారూ," అన్నాడు.

హైదరాబాదులో చీఫ్ దిండు వైపు, ఫ్లాపీ వైపు మార్చి మార్చి చూశాడు. "ఆమె ఎవరి మనిషని రిపోర్టులో పెట్టమంటావు?"

"రెబ్కమ్మ మనిషి సార్."

చీఫ్ ఫ్లాపీ వేళ్ల మధ్య తిప్పుతూ, "ప్రోగ్రాం మాత్రం మంచిదే అంటున్నావు. దొంగ పార్టు పీకేయించి మన సెక్షన్‌లో వాడుకుందామా? నీ ఆలోచనలకీ ఒక చోటు కావాలి కదా," అన్నాడు.

ప్రేమదాసు ఫ్లాపీ అందుకుని రెండుగా మడిచి చెత్తబుట్టలో వేశాడు.

"తల ఉంది కదా సార్. అదీ ఉచితమే. పైగా కొత్తది ఇస్తాం, పాతది పట్టుకురమ్మని ఎవరూ అడగరు."