మెరవకూడని కన్ను

గద్వాల బస్టాండ్ ముందు చాయ్ తాగుతున్న డాక్టర్ వెంకట్రాములు గ్లాసు కింద పెట్టకుండానే కుప్పకూలాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రటి చుక్క. పక్కనే ఆగిన బైక్ అప్పటికే జనంలో కలిసిపోయింది.

కాసేపటికే ఏజెంట్ జయపాల్ ఫోన్ మోగింది. అవతల చీఫ్ అర్చన.

"పోయినాయన చేసిన మందు ఏందో తెలుసా?"

"తెల్వదు మేడమ్."

"కంట్లో వేసే నానో చుక్కలు. షుగరుతో కంటి వెనక నరాలు చెడిపోతయి గద, ఆ కణాలు చెడిన నరానికే అంటుకుంటయి. కెమెరాల బంగారం లెక్క మెరుస్తయి. మీద ఎర్ర లైటు వేస్తే అక్కడే మందు వదులుతయి. జబ్బు చూపెట్టేది అదే, నయం చేసేది అదే."

"మరి కడుపుమంట ఎవరికి?"

"క్రూగర్‌కు. విదేశీ ముఠా. ఇయ్యాల వనపర్తిలో ట్రయల్, టీవీలో లైవ్. సీసాలు మార్చబోతుండ్రని పోయేముందు వెంకట్రాములు ఫోన్ చేసిండు. దొంగ మందు మీద లైటు పడితే కన్ను కాలిపోతది. పది మంది గుడ్డోళ్లయితే మందు పరువు పాయె. ఫార్ములా క్రూగర్ ఎత్తుకపోతడు."

"ముఠాలో మనోళ్లెవరు?"

"స్వరూప. గద్వాలలోనే, చీరల షాపులో ఉంది."

స్వరూపను చూశాక జయపాల్‌కు కోడ్ వర్డ్ కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

"కోటకొమ్మ అంచు ఉన్నదా?"

"ఉన్నది. నలుపు మాత్రం లేదు." చీర మడతపెడుతూ నవ్వింది. "దొంగ సీసాలు నాగర్‌కర్నూల్‌లో, పాత పల్లికాయ గోదాంలో దాచిండ్రు. జల్ది పో."

గోదాంలో ఇద్దరు పిస్టళ్లతో కాచుకుని ఉన్నారు. జయపాల్ చేతి గడియారం నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మే వెలుగు. వాళ్లు తేరుకునేలోగా ఇద్దరినీ నేలకరిపించాడు. మూలన మోరీలో పగిలిన సీసాలు, వాటి మీద వెంకట్రాములు ల్యాబ్ ముద్ర. పగలగొట్టింది అసలు మందు! అంటే దొంగది వనపర్తి చేరిపోయింది. కావాలనే తనను ఇక్కడికి పంపిన స్వరూప క్రూగర్ మనిషి.

"మేడమ్, ట్రయల్ ఆపించండి!"

"క్యాంపులో జామర్ పెట్టిండ్రు, ఎవరి ఫోనూ కలుస్తలేదు. ఇంకో సంగతి. డాక్టర్‌ను చంపింది నువ్వేనని నీ ఫొటో టీవీల వస్తుంది. పోలీసులకు నేను నచ్చజెప్పేలోగా కనబడితే కాల్చేస్తరు."

గోపాల్‌పేట దాటేసరికి జయపాల్ ముసలివాడైపోయాడు. తెల్ల గడ్డం, భుజాన గొంగడి, నల్ల కళ్లద్దాలు. క్యాంపు గేటు దగ్గర పోలీసులు చెయ్యిపట్టి మరీ లోపలికి పంపారు. ముందు వరుసలో దాత వేషంలో క్రూగర్ నవ్వుతూ కూర్చున్నాడు.

లైన్లో మొదట తిమ్మాజిపేట కూలీ తిరుపతమ్మ.

"అవ్వా, జర నన్ను ముందుకు పోనియ్యి."

"పొద్దటిసంది నిలబడ్డ. నువ్వేమన్న దొరవా?"

"నీ కండ్ల కోసమే అడుగుతున్న. దండం పెడుత."

"పో, నీ పాడుగాను!" ఆమె పక్కకు జరిగింది.

అరిస్తే తూటా. నమ్మించాలంటే రుజువు కావాలి. జయపాల్ కుర్చీలో కూర్చున్నాడు. వెంకట్రాములుతో కలిసి మందు చేసిన డాక్టర్ దినేష్ చుక్క వేశాడు. మిరపకాయ రుద్దినట్టు మండింది. ఈ కన్ను పోతే మళ్లీ రాదు.

స్క్రీన్ మీద కన్నంతా బంగారమైంది.

"అయ్యో, మొత్తం చెడిపోయిందే!" అన్నాడు దినేష్.

జయపాల్ గడ్డం పీకేశాడు. "డాక్టర్, నా కన్ను నిక్షేపంగ ఉంది. జబ్బు లేని కంటికి మీ మందు అంటుకుంటదా?"

దినేష్ ముఖం పాలిపోయింది. "అంటుకోదు... ఒక్క కణం కూడా అంటుకోవద్దు!"

"శానా తెలివి నీకు," అంది వెనక నుంచి తెల్లకోటు వేసుకున్న స్వరూప. స్విచ్ నొక్కింది.

జయపాల్ గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు. ఎర్ర కిరణం ఉన్ని మీద పడింది. తడుముతూ లైటు వైరు పట్టుకుని బలంగా గుంజాడు. ఎర్ర లైటు ఆరిపోయింది.

"ఆయనను కాదు, ఆమెను పట్టుకోండి!" దినేష్ పోలీసుల మీద అరిచాడు. స్వరూప చేతిలో పిస్టల్ పేలకముందే బేడీలు పడ్డాయి. క్రూగర్ గేటు దగ్గర దొరికాడు.

"గామెను గుంజుకపోతుండ్రు సరే," తిరుపతమ్మ నిలదీసింది, "నా కన్ను ఎవరు చూస్తరు?"

"అసలు మందు మళ్లీ చేసి నేనే చూస్తనమ్మా," అన్నాడు దినేష్, జయపాల్ కన్ను కడుగుతూ.

జామర్ తీసేశాక చీఫ్ ఫోన్ కలిసింది. "కన్ను ఎట్లుంది?"

"మంచిగనే కనబడుతుంది మేడమ్. పొద్దున స్వరూపను చూసినప్పుడే జర మసకైంది."