తేలని సీజన్

ఎండ ముదిరి అందరూ లోపలికి వెళ్లిపోవాల్సిన ఎండగీత వేళకు ఇంకా గంటన్నర ఉందనగా తిప్పేస్వామి మైదానం అంచున కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అద్దాల మీద ఆటగత్తెల ఒంటిలెక్కలు పాకడం మొదలైంది. గుండె వేగం, మోకాళ్ల మీద భారం, రాత్రి నిద్ర, చెమటలో ఉప్పు. ఆయన వాటిని చదవలేదు. అవి ఆటల ఫలితాలు తేల్చే యంత్రం తేల్పరికి ఎప్పుడో చేరిపోయాయి. ఆయన పని చూడడం.

అనంతపురంలోని ఈ కళాశాల మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ఆయన సాక్షి అభిమాని. వేసవి తొమ్మిది నెలలకు సాగాక బయట మ్యాచ్ ఆడించడమంటే ఒక వార్డు తాగే నీళ్లు మైదానానికి మళ్లించడమే. అందుకని సీజన్ మొదలవక ముందే తేల్పరి ప్రతి మ్యాచ్‌కూ ముందుఫలం కడుతుంది. ఫలితం ఖాయమైన మ్యాచ్‌లను ఎవరూ ఆడరు, లెక్కకట్టిన ఫలితమే పట్టికకెక్కుతుంది. అనుమానం మిగిలినవాటికే నీళ్లు దొరుకుతాయి. అయితే యంత్రం మాటే చివరిమాట కాకూడదని, ఏళ్ల తరబడి జట్టును చూస్తున్న మనిషి ఒకరు ‘సరే’ అనాలన్న నిబంధన పెట్టారు.

మొదట్లో తిప్పేస్వామి ఏటా ‘కాదు’ అనేవాడు. కారణాలు కూడా ఆవేశంగా చెప్పేవాడు. పిల్లలు ఆడారు, తేల్పరి చెప్పినట్టే ఓడారు. వార్డులో జనం కొళాయిల దగ్గర ఆయన్ని నిలదీశారు. మెల్లగా ఆయన ‘సరే’ అనడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ మాట అనడానికి పూర్తిగా చూడాల్సిన అవసరం కూడా కనిపించడం లేదు.

“రాసుకో,” అన్నాడు గాలిలోకి. “గోల్‌లో రమీజా ఉన్నంతవరకు పర్వాలేదు. ఆమె ముందుండే డిఫెండర్లలో ఇద్దరు చదువు ముగించి వెళ్లిపోయారు. కొత్తవాళ్లకు ఒకరినొకరు పిలుచుకోవడం రాలేదు. కుడివైపు పరుగుంది, ఎడమవైపు ఒట్టి ఖాళీ. గోల్ కొట్టే మనిషి పోయినేడూ లేదు, ఈ ఏడూ లేదు.”

“కొత్తగా చేరినవారు?” చెవిలో తేల్పరి అడిగింది.

“మంచివాళ్లను పెద్ద కాలేజీలు తీసుకున్నాయి. మనకు మిగిలినవాళ్లు వచ్చారు. ఆదోని నుంచి ఉరుకుందమ్మ అని ఒక ఫార్వర్డ్. జట్టులో అందరికన్నా నెమ్మది. అంతకుమించి చెప్పేదేం లేదు.”

ఆయన లేవబోతుంటే కెప్టెన్ రమీజా నీళ్ల సీసాతో వచ్చి పక్కన కూలబడింది.

“ఈసారీ సరేనేనా మామా?”

“నువ్వే చెప్పు పాపా. గెలుస్తారా?”

“గెలవమేమోలే.” రెండు గుక్కలు తాగి సీసా మూత పెట్టింది. “నేను ఈ కాలేజీలో చేరి మూడేండ్లాయ. ఒక్క మ్యాచ్ ఆడలే. ఓడిపోయినోళ్లలో నా పేరుండాది. ఓడిపోయింది మాత్రం నాకు గుర్తు ల్యాదు.”

తిప్పేస్వామి అద్దాలు సర్దుకున్నాడు.

“నిన్ను అబద్ధం చెప్పమని అడగడంల్యా,” అంది రమీజా. “సరిగా చూడు, అంతే. నువ్వు ఈ మధ్య సగం ఆటకే లేసిపోతాండావు. మాకు తెలుస్తాది.”

ఆమె లేచి గోల్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆయనకు ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

జట్టు రెండుగా చీలి ప్రాక్టీసు ఆట సాగించింది. ఇరవై ఏళ్లుగా ఈ మైదానంలో బంతి ఎవరి కాలి నుంచి ఎటు పోతుందో ఆయనకు ముందే తెలిసేది. తెలియడంలోనే ఆయన అలసిపోయాడు. బంతి ఉరుకుందమ్మ వైపు వచ్చింది. కుడివైపు ఇస్తుందనుకున్నాడు. ఆమె అసలు కదల్లేదు. ఇద్దరు మీదికి దూసుకొచ్చేదాకా నిలబడి, బంతిని తాకకుండా కాళ్ల మధ్య నుంచి పోనిచ్చింది. ఎడమవైపు ఖాళీలోకి ఎవరో పరుగెత్తుకొచ్చి అందుకున్నారు.

గాలివాటం అనుకున్నాడు. కాసేపటికి మళ్లీ బంతి వచ్చింది. ఈసారీ వదిలేస్తుందనుకుంటే ఆపి వెనక్కి తన్నింది. ఆ తర్వాత మరోసారి వదిలేసింది, అటు ఎవరూ లేరు. ఎదుటివాళ్లు బంతి లాక్కుపోయి గోల్ కొట్టారు. రమీజా అక్కడి నుంచే గట్టిగా తిట్టింది.

ప్రాక్టీసు ఆగినప్పుడు ఆయన ఉరుకుందమ్మను పిలిచాడు.

“బంతిని ఎందుకు తాకల్యా పాపా?”

“తాకితే ఆగిపోతాది గదా సార్.”

“అటు మనిషి ఉందో లేదో చూసినావా?”

“చూడలే. వస్తారనుకుంటి.”

“రాకపోతే?”

“ఇప్పుడు రాల్యా గదా. తిట్టిరి,” అని నవ్వి చెమట తుడుచుకుంది.

ఆమె వెళ్లాక కూడా తిప్పేస్వామి అటే చూస్తుండిపోయాడు. ఆ పిల్లది తెలివా, నిర్లక్ష్యమా? మిగతావాళ్లు అటు పరుగెత్తడం నేర్చుకుంటారా, ఆమెను బెంచీ మీద కూర్చోబెడతారా? ఎంత ఆలోచించినా తేలలేదు.

“సాక్షి గారూ, ముందుఫలం సిద్ధం,” తేల్పరి అంది. “అన్ని మ్యాచ్‌లలోనూ ఓటమి. ఆఖరి స్థానం. సరేనా, కాదా?”

“తెలియదు.”

“కాదు అంటే కారణం చెప్పండి.”

“కాదనడం లేదు. ఓడిపోతారనే అనిపిస్తోంది. కానీ తెలియదు.”

“ఇన్నేళ్ల సాక్ష్యంలో మీరు ఈ మాట వాడలేదు.”

“ఇన్నేళ్లూ తెలిసింది. ఇప్పుడు తెలియడం లేదు.”

తేల్పరి, ఎప్పుడూ అవసరం పడని నిబంధన ఒకటి వెతికి చదువుతున్నట్టు, నెమ్మదిగా అంది. “సాక్షికి తెలియని జట్టును తేల్చడానికి వీల్లేదు.”

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. పట్టికలో అనంతపురం వరుస చెరిగిపోయింది. అనంతపురం మీద గెలిచినట్టు లెక్కకట్టిన జట్ల పాయింట్లూ ఒక్కొక్కటే రాలిపోయాయి. వాటి మీద ఆధారపడిన స్థానాలు కదిలాయి. చూస్తుండగానే మొదటి స్థానంతో సహా పట్టికంతా ఖాళీ అయింది.

వెంటనే కర్నూలు సాక్షి దగ్గర్నుంచి ఫోన్.

“ఏం చేసినావప్పా తిప్పేస్వామీ? మావోళ్ల కప్పు పాయ!”

“యాడికీ పోలేదు. ఆడి గెలుచుకోండి,” అని పెట్టేశాడు. రేపు కొళాయి దగ్గర జనానికి ఏం చెప్పాలో మాత్రం ఆయనకు తోచలేదు.

రమీజా దగ్గరికి వచ్చింది. “ఏమన్నావు మామా?”

“తెలీదన్నా.”

ఆమె ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆమె గ్లవ్స్ విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

“అయితే నిజంగా ఆడల్లనా?”

“అన్నీ ఆడల్ల.”

“భయమైతాంది మామా.”

“నాక్కూడా పాపా,” అన్నాడు తిప్పేస్వామి.

రమీజా గ్లవ్స్ మళ్లీ బిగించుకుంది. నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్న డిఫెండర్లను పేరుపేరునా కేకేస్తూ మైదానంలోకి పరుగెత్తింది.