లాము దీవిలో పిల్లికూనల చావు

ఉదయం ఏడు పది. రేవు వెనక సందులో మూడో పిల్లికూన చచ్చిపడి ఉంది. కళ్ల చుట్టూ ఈగలు. పోలీసు సార్జెంట్ మ్వనైషా ముక్కు మూసుకుని వంగింది. శవాలు ఆమెకు కొత్త కాదు, ఈ కంపే కొత్త.

చేపలు వేయించి అమ్మే ఫమావును జనం అప్పటికే గోడకు నొక్కిపెట్టారు.

"వీడే విషం పెట్టాడు!" కూనల్ని సాకిన పెద్దావిడ బీ రుకియా గుండెలు బాదుకుంది. "ఈ పాపిష్ఠివాణ్ణి రేవులోంచి వెళ్లగొట్టండి!"

"చేప తలకాయలు రోజూ వేస్తా పెద్దమ్మా, విషమెందుకు పెడతా?" ఫమావు చేతులు జోడించాడు. రేవులో ఆ పొయ్యి లేకపోతే అతని ఇల్లు గడవదు.

"ఆ తలకాయలు ముందు తినేదెవరు?" మ్వనైషా అడిగింది.

"పెద్ద పిల్లులు. మిగిలితేనే కూనలకు," అన్నాడు ఫమావు.

"పెద్దవి ఎన్ని చచ్చాయి?"

"ఒక్కటీ లేదు."



మ్వనైషా గ్లౌజులు తొడుక్కుని కూన నోరు తెరిచింది. చిగుళ్లలో చుక్క రక్తం లేదు.

"పిల్లికి పోస్ట్‌మార్టమా సార్జెంటమ్మా!" ఎవడో నవ్వాడు.

ఆమె కూన చెవి మడత విప్పింది. లోపల ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు. ఒకటి వేళ్ల మధ్య చిట్లింది. నల్లటి రక్తం గ్లౌజు మీద జిగటగా సాగింది. నవ్వినవాడు మొహం తిప్పుకున్నాడు.

"కూనలు ఎక్కడ పడుకుంటాయి పెద్దమ్మా?"

"మా మెట్ల కింద. వానకు వణుకుతున్నాయని బొంత వేశా. పోయిన నెల చచ్చిన మా గాడిద వీపు మీది బొంత."

మ్వనైషా రుకియా ఇంటి మెట్ల కిందికి వంగి, కర్రతో దాన్ని తిరగేసింది. కుట్ల వెంట పిడుదులు కుప్పలుగా పాకుతున్నాయి. జనం ఛీ ఛీ అంటూ వెనక్కి జరిగారు.

పదీ నలభైకి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ మైక్రోస్కోపు మీంచి తలెత్తాడు. ప్రాణంతో మిగిలిన నాలుగో కూన రక్తకణాల్లో బాక్టీరియా ఉంది.

"విషమైతే ముందు తిన్న పెద్ద పిల్లులే ముందు చచ్చేవి," మ్వనైషా గుమ్మం దగ్గర మూగిన జనమంతా వినేలా చెప్పింది. "అవి పడవల మీద పడుకుంటాయి. బొంత మీద పడుకున్నవి కూనలే. గాడిద పోయాక ఆకలితో ఉన్న పిడుదులు వీటిని కుట్టాయి. రోగం కాటుతోనే ఎక్కింది. ఫమావును వదలండి."

డాక్టర్ మందు సీసా ఇచ్చాడు. నాలుగు వారాలు క్రమం తప్పక పట్టిస్తే కూన దక్కుతుందన్నాడు.

రుకియా కూన కోసం చేయి చాచింది. అంతలోనే చేతులు వెనక్కి లాక్కుని, పైగుడ్డకు గట్టిగా తుడుచుకుంది.

"నువ్వే పట్టుకో ఫమావూ," అంది. "నా చేతులంటే నాకే రోతగా ఉంది."