సాఫ్ చేసి పెట్టు

“సారూ, మా ఆయన గొంతు ఎవలో ఎత్కపోయిండ్రు.”

చంద్రపూర్‌లో డిటెక్టివ్ సీతారాం దగ్గర చేరిన రెండేళ్లలో విద్య చిత్రవిచిత్రమైన ఫిర్యాదులెన్నో విన్నది గానీ, ఇలాంటిది మాత్రం వినలేదు. ఎదురుగా కూచున్న భూదేవికి అరవై దాటి ఉంటాయి. ఆమె ఒక పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది. దానికి పసుపుదారం కట్టి ఉంది.

ఆమె భర్త మారుతి బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి మూడేళ్ల కిందట పోయాడు. దవాఖానలో ఉన్నప్పుడు మారుతి, పక్క మంచం మనిషి ఫోనులో తన భార్య కోసం నాలుగు మాటలు చెప్పి, అతని చేత ఇందులోకి ఎక్కించాడు. కోడలు ప్రణాలి ప్రతి మంగళవారం బజారుకు పోగానే భూదేవి దీన్ని స్పీకరుకు పెట్టుకుని వినేది. మొన్న మంగళవారం పెడితే మారుతి గొంతు బదులు గణపతి ఆరతి మోగింది.

“కోడలే మార్చింది సారూ. మరాఠోళ్ల పిల్ల. నా మాట దానికి సక్కగ తెల్వది, దాని మాట నాకు తెల్వది.”

“దారం నువ్వు కట్టిందేనా?” అని సీతారాం అడిగాడు.

“నేనే కట్టిన.”

“అయితే వస్తువు మారలేదమ్మా. లోపలిదే మారింది.”

సీతారాం దాన్ని కంప్యూటర్‌కు పెట్టాడు. ఒకటే ఫోల్డరు, దానికి మరాఠీ అక్షరాల్లో ‘అమ్మ’ అని పేరు. అందులో అంచుదాకా భజనలు, అన్నీ వినాయకచవితి ముందురోజు ఎక్కినవే. పాత మాటల కోసం ఆయన రోజంతా వెతికాడు. సాయంత్రం పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని లేచాడు. ఆయనకు చేతకాని పని ఉండదని నమ్మే విద్య, అవి దొరకలేదని గ్రహించింది.

మర్నాడు బామ్ని ఊళ్లో భూదేవి ఇంటికి వెళ్లారు.

“పెన్‌డ్రైవ్ నువ్వు ముట్టినవా?” అని సీతారాం ప్రణాలిని అడిగాడు.

“లేదు సర్. దేవుని దగ్గరిది. అండ్ల భజనలున్నయని ఆయీ చెప్పింది,” అని ఆమె తెలుగు మాటలు కూడబలుక్కుంటూ చెప్పింది.

“ఆయీ ఎవరు?”

“మా అత్తనే. మా మరాఠీల అమ్మను ఆయీ అంటరు, నేను అట్లనే పిలుస్త.”

భూదేవి కొడుకు నితిన్ ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చాక, సీతారాం ముగ్గురినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు.

“ఈ ఇంట్లో దొంగ లేడు. ఫోల్డరు మీద ‘అమ్మ’ అని ఉంది, కోడలైతే ‘ఆయీ’ అంటుంది. నోటితో ‘అమ్మ’ అంటూ చేత్తో మరాఠీలో రాసేవాడు ఒక్కడే ఉన్నాడు.”

మరాఠీ బడిలో చదివిన నితిన్ తెల్లబోయాడు. “అవు సార్, నేనే. అమ్మనే చెప్పింది. పండుగ ముంగట దేవుని గూడు సర్దుకుంట ‘పెన్‌డ్రైవ్ సాఫ్ చేసి పెట్టురా’ అన్నది. అంత చెరిపేసిన. ఖాళీది ఎట్లియ్యాలె? భజనలంటే ఇష్టమాయె, కొత్తయి నిండ ఎక్కించిన.”

“దుమ్మురా!” అని భూదేవి గుండె బాదుకుంది. “బొగ్గు దుమ్ము తుడువుమన్న! అండ్ల ఉన్నది మీ నాయిన మాటరా!”

ఆ మాటకు నితిన్ గోడకు చేరగిలబడిపోయాడు.

“మల్ల తియ్యరాదా సారూ?” అని భూదేవి సీతారాంను అడిగింది.

“ఇందులో క్యాసెట్‌లోలాగా తిరిగే చక్రాలుండవమ్మా. కంటికానని కోట్ల గదులు, గదిగదికీ రవ్వంత కరెంటు పెట్టి తలుపేసినట్టు ఉంటుంది. తీగ పీకినా పోదు కనుకనే జనం జేబులో వేసుకు తిరుగుతారు. చెరిపినప్పుడు మామూలుగా గది మీది పేరే పోతుంది, సరుకు లోపలే ఉంటుంది. అంతటితో ఆగితే తీసిచ్చేవాణ్ణి. కానీ కొత్త పాటలు గదులన్నీ నింపేశాయి. ఇక రాదు.”

చెరిపిన తప్పుకంటే నింపిన ప్రేమే కొంప ముంచిందన్నమాట! విద్యకు మొదటిసారి ఆయన తెలివి మీద కోపమొచ్చింది. కేసు తేలి ఎవరికి ఒరిగిందేముంది?

“భజనలని ఎందుకు చెప్పినవే అమ్మా?” నితిన్ ఏడ్చేశాడు.

“సిగ్గయ్యిందిరా. మీ నాయిన బతికినన్నొద్దులు ‘ఇగో’ అనుడే గని పేరు వెట్టి పిలువలే. అండ్ల పిలిచిండు.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “నీది మీ నాయిన గొంతే అంటరు. ఒక్కసారి పిలువు బిడ్డా.”

కన్నతల్లిని పేరు పెట్టి పిలవడమా! నితిన్ కళ్లు దించుకుని పిలిచాడు. “భూదేవీ...”

ఆమె కళ్లు మూసుకుని విన్నది. “గట్ల గాదు.”

అతను మళ్లీ పిలిచాడు.

“గట్ల గాదురా.”

“మరెట్లనే అమ్మా?”

భూదేవి చెప్పబోయి ఆగిపోయింది.

“యాదికొస్తలేదు,” అంది.